యజమాని అన్వేషణ విభాగం

ప్రజాస్వామ్యంలో ఓటు ఎవరిదని అడిగితే బడికెళ్లే పిల్లలు కూడా ఠక్కున చెబుతారు, ప్రజలదని. ఓటు యంత్రం ఎవరిదని అడగడానికి మాత్రం ఒక విభాగం కావాలి, దానికొక సూపరింటెండెంటు కావాలి, ఆయన బల్ల మీద ఒక గంట కావాలి. (గంట లేని బల్ల అడిగే ప్రశ్నకు ఎవరూ జవాబివ్వరు. గంట ఉన్న బల్లకీ ఇవ్వరు కానీ, మర్యాదగా ఇవ్వరు.)

అందుకని ఎన్నికల కార్యాలయం మూడో అంతస్తులో, మెట్ల మలుపు దాటాక, యజమాని అన్వేషణ విభాగమని ఒకటి ఏర్పాటైంది. దాని పని ఒక్కటే. ఓటు యంత్రాలు ఎవరి సొత్తో, వాటిని ఎవరు సరఫరా చేస్తున్నారో కనుక్కోవడం. నిబంధన కూడా ఒక్కటే. పోలింగుకు ముందే యజమాని ఎవరో తెలిస్తే, ఆ మనిషిని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, యంత్రం మూత విప్పి లోపల ఏముందో చూడాలి. తెలియకపోతే మూసిన యంత్రం మూసినట్టే పోలింగుకి వెళ్లిపోతుంది. ఇంతవరకు ఎప్పుడూ తెలియలేదు. కాబట్టి ఇంతవరకు ఏ యంత్రంలోనూ ఏ లోపమూ బయటపడలేదు.

ఇలాంటి ఘనచరిత్ర గల విభాగంలోకి పరిశోధకురాలిగా వచ్చి చేరింది కొత్తమ్మాయి. అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. ఉద్యోగమూ కొత్తే, పెళ్లీ కొత్తే. పెళ్లికి కొన్న చెప్పులు ఇంకా మడమ దగ్గర కరుస్తూనే ఉన్నాయి. ఆ నొప్పి కూడా ఆమెకు ముద్దుగానే ఉండేది. ఒకే తాళానికి రెండు తాళంచెవులు ఉండడం, అందులో ఒకటి తన సంచిలో, ఒకటి ఆయన జేబులో ఉండడం రోజంతా తలచుకుని నవ్వుకోదగ్గ విషయంగా తోచేది. ఆయన ఒక ఆడిటరు ఆఫీసులో సహాయకుడు. ఇద్దరి జీతాలూ కలిస్తేనే ఆ రెండు గదులూ, ఆ వంటింటి కిటికీలోంచి ఉదయం పూట వచ్చే జానెడు ఎండా వాళ్లవి. ఏ ఒక్క జీతం తగ్గినా ఎండ ముందు పోతుంది.

విభాగంలో ఆమె కాక ముగ్గురు. సూపరింటెండెంటు గారు ప్రతి సోమవారమూ యంత్రాల మీది చీటీలో ఉన్న చిరునామాకు ఒక ఉత్తరం రాసేవారు. "శ్రీయుత యజమాని గారికి, తమరెవరో తెలుపగలరు" అని. ఆ ఉత్తరాలు చేరవలసినవారు లేరని వెనక్కి వచ్చేవి. వాటిని అందుకుని వరుసగా పేర్చడం సీనియర్ అసిస్టెంటు పని. ఆవిడకు తిరుగుటపా అక్క అని పేరు పడింది అందుకే. మూడో మనిషి ఖాతాలు చూసే కోతలాయన. ఎవరు ఏ ఖర్చు రాసినా అందులో సగం కొట్టేస్తేనే ఆయనకు నిద్ర పట్టేది. (ఒకసారి తన సొంత బిల్లు కూడా పొరపాటున కోసుకుని, తనే తనకు అర్జీ పెట్టుకుని, తోసిపుచ్చాడు.)

చేరిన వారానికే కొత్తమ్మాయి ఒక అనుచితమైన మాట అంది.

"సార్, ఉత్తరం రాసే బదులు ఆ చిరునామాకి ఒకసారి వెళ్లి చూసొస్తే?"

గదిలో పెన్నులన్నీ ఆగిపోయాయి.

"వెళ్లడమా?" అన్నారు సూపరింటెండెంటు గారు నెమ్మదిగా. "చిరునామా ఉన్నది రాయడానికమ్మాయ్. వెళ్లడానికైతే దారి అని పెట్టేవాళ్లు."

"బస్సు చార్జీ మాత్రం నన్నడగొద్దు" అన్నాడు కోతలాయన, ఎవరూ అడక్కపోయినా.

"పంపండి సార్" అంది తిరుగుటపా అక్క. "కాగితాలు ఎలాగూ తిరిగొస్తున్నాయి. మనుషులు తిరిగొస్తారో లేదో కూడా చూద్దాం."

అలా ఒక పరిశోధన ఆరంభమైంది.

చిరునామా ఒక పంటి ఆసుపత్రి పై అంతస్తుది. కింద పళ్లు తొలిచే మర తిరుగుతున్న చప్పుడు, మధ్యమధ్య ఎవరిదో మూలుగు. పైన ఒకే ఒక్క తలుపు. దాని మీద ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చున్నట్టు బోర్డులు. నిష్పక్ష యంత్రాలు, తటస్థ సరఫరాలు, పారదర్శి హోల్డింగ్స్, నమ్మకం తాళాల సంస్థ, ఇంకా చాలా. గొళ్లెం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. లోపల ఒకావిడ, ఆవిడ చుట్టూ గుంపుగా ఫోన్లు. బిడ్డలకు అన్నం పెట్టే తల్లిలా ఏది మోగితే దాన్ని ఎత్తుకుని, దానికి తగ్గ గొంతు పెట్టి మాట్లాడుతోంది.

"ఎవరు కావాలమ్మా?"

"నిష్పక్ష యంత్రాలు వాళ్లండీ."

"కూర్చోండి." ఫోన్లావిడ లేచి, బల్ల చుట్టూ తిరిగి, అవతలి కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు పెట్టుకుంది. "నిష్పక్ష యంత్రాలకు స్వాగతం. చెప్పండి."

"మీరు తయారు చేసే ఓటు యంత్రాలు ఎవరివండీ?"

"తయారీ మాది. సరఫరా మాది కాదు. సరఫరా తటస్థ వాళ్లది."

"తటస్థ వాళ్లని ఎక్కడ కలవాలండీ?"

"కిటికీ దగ్గర." ఆవిడ లేచి కిటికీ దగ్గరున్న పీట మీదికి మారింది. కళ్లద్దాలు తీసేసింది. "తటస్థ సరఫరాలండీ. మేం మోసుకెళ్లి ఇవ్వడం వరకే. ఎవరి బరువో మాకెందుకు? మా ఇద్దరికీ పైన పారదర్శి వాళ్లున్నారు, వాళ్లనడగండి."

కొత్తమ్మాయికి ఇదంతా ఎంతో బాగుంది. చిన్నప్పుడు ఆడుకున్న ఇళ్లాట గుర్తొచ్చింది. పారదర్శి వారు బీరువా పక్కన ఉన్నారు. (అక్కడ వెలుతురు తక్కువ. మొహం కనపడలేదు.) వాళ్లు కూడా తమ పైన ఇంకొకరున్నారన్నారు.

"మరి అందరికీ పైన ఎవరండీ?"

"వాళ్లు ఇక్కడ కూర్చోరమ్మా. అదిగో, అక్కడుంటారు" అంటూ ఫోన్లావిడ గోడ చూపించింది.

గోడకు ఒక పెద్ద ఫోటో ఉంది, చక్కటి చట్రంలో. అందులో ఒక పెళ్లికూతురు నోరంతా నవ్వుతూ, రిబ్బను కట్టిన కవరు ఒకటి అందుకుంటోంది. ఇస్తున్నది ఒక పెద్దమనిషి. పక్కన పెళ్లికొడుకు.

"అయ్యో!" అంది కొత్తమ్మాయి, చప్పట్లు కొట్టినంత పని చేస్తూ. "ఇది మా ఆల్బంలో లేదండీ! మావాటిల్లో అన్నింట్లోనూ ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. ఇందులో రెండూ తెరిచారు, చూడండి! ఇంకో ప్రింటు ఇస్తారా?"

ఫోన్లావిడ ఫోటో వంక చూసింది, ఆమె వంక చూసింది, చేతిలోని ఫోను జారవిడిచి లేచి నిలబడింది.

"అమ్మగారూ, మీరా! ముందే చెప్పొచ్చు కదమ్మా. ఎండన పడి వచ్చారు. అన్ని కంపెనీల తరఫునా మిమ్మల్ని నిలబెట్టి మాట్లాడించాను."

"నేనేంటండీ?"

"మీరేగా యజమాని. ఆ కవరులో ఉన్నవి వాటాలే కదమ్మా. మీరు అందుకున్నారనడానికి ఆ ఫోటోయే సాక్ష్యం. ఎంత ఇష్టంగా అందుకున్నారో నవ్వు చూస్తేనే తెలుస్తోంది."

కవరు కొత్తమ్మాయికి బాగా గుర్తుంది. పెళ్లికి వచ్చినవాళ్లంతా గోడ గడియారాలు ఇస్తే, ఆయన పనిచేసే ఆఫీసు ఆడిటరు గారు మాత్రం బంగారు అంచున్న దళసరి కాగితాలు ఇచ్చారు. చదివితే ఏమీ అర్థం కాలేదు కాబట్టి శుభాకాంక్షలే అయి ఉంటాయనుకుని అల్మారాలో పైన దాచింది.

కింద మర ఎవరి పంటినో పట్టుకున్నట్టుంది. ఆమె కాసేపు ఆలోచించి, మంచి మాటే అడిగింది.

"నేనే యజమానినైతే, యంత్రం మూత విప్పి లోపల ఏముందో నాకోసారి చూపించండి."

"అది నమ్మకం తాళాల వాళ్ల పనమ్మా" అంది ఫోన్లావిడ. ఈసారి కుర్చీ మారలేదు, గౌరవంకొద్దీ. "యజమాని ఎవరో తెలిస్తే గానీ వాళ్లు తీయరు."

"నేనే కదా!"

"మీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్లకెలా తెలుస్తుంది? ఎన్నికల కార్యాలయంలో యజమాని అన్వేషణ విభాగమని ఒకటుందట. వాళ్లు తేల్చి చెప్పాలి."

ఇంటికొచ్చాక ఆమె ఫోటో సంగతి ముందు చెప్పి, మిగతాది తర్వాత చెప్పింది. ఆయన మొదటిదానికి నవ్వి, రెండోదానికి మంచం మీద కూర్చుండిపోయాడు.

"మా ఆడిటరు గారి పద్ధతే అంత, ఏమోయ్. తమ పేరు బయటపడకూడదనుకునే పెద్దలు కంపెనీలు తెచ్చి ఆయన దగ్గర వదిలిపెట్టి పోతారు. ఆయన వాటిని మాకు పంచుతారు. పుట్టినరోజుకి చిన్న కంపెనీ, పెళ్లికి పెద్ద కంపెనీ. మొన్న డ్రైవరు గారికి కూతురు పుడితే ఓడరేవులో వాటా ఇచ్చారు. ఆయన ఇప్పటికీ పాపని సైకిలు మీదే తిప్పుతున్నాడు."

"మీరు ముందే నాకు చెప్పొచ్చుగా?"

"గడియారం ఇవ్వలేదన్న సంతోషంలో నేను మాత్రం చదివానా ఏంటి?"

ఇద్దరూ నవ్వారు. పెళ్లయిన కొత్తలో దేనికైనా నవ్వు వస్తుంది. తర్వాత నవ్వు ఆగింది.

"ఇది నేను రిపోర్టులో రాస్తే?" అంది ఆమె.

"ఆడిటరు గారు నన్ను ఆ పూటే పంపించేస్తారు."

"రాయకపోతే?"

"యంత్రాలు మూసినవి మూసినట్టే పోతాయి. ఎవరి ఓటు ఎటు పడుతుందో ఆ లోపలున్నదానికే తెలియాలి." ఆయన కిటికీ వంక చూశాడు. చాలాసేపు చూశాడు. "రాయవోయ్" అన్నాడు చివరికి. "రేపు నీ మొహం నువ్వు చూసుకోవాలి, నీ మొహం నేను చూడాలి. ఎండ లేకపోతే దీపం పెట్టుకుందాం."

ఆ మాటకు ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి. ఇంత మంచివాడు ఉత్త పుణ్యానికి దొరికాడే అనుకుంది. మర్నాడు రిపోర్టు రాసి ఇచ్చింది, మూడే వాక్యాలు. "యజమానిని నేనే. లోపల ఏముందో నాకు తెలియదు. దయచేసి మూత విప్పండి."

సూపరింటెండెంటు గారు చదివి, గంట కొట్టి అందరినీ పిలిచారు. (అందరూ అదే గదిలో ఉన్నారు. అయినా కొట్టారు.)

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామర్రా!" అన్నారు. "ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క యజమానిని చూడలేదు. ఇవాళ చూశాను. అమ్మాయ్, ఒకసారి అలా వెలుతుర్లోకి వచ్చి నిలబడు."

"యజమానికి బస్సు చార్జీ ఎందుకిస్తాం? అది కొట్టేస్తున్నాను" అన్నాడు కోతలాయన.

"ఇంక మూత విప్పుదాం సార్" అంది తిరుగుటపా అక్క. ఆవిడ అప్పటికే ఎక్కడినుంచో మరమేకులు విప్పే సాధనం తెచ్చి కొంగులో పెట్టుకుంది.

"ఆగండాగండి" అన్నారు సూపరింటెండెంటు గారు. "యజమాని తెలిసిందని ఒక మనిషి చెబితే అది కబురు. విభాగం ఓటేసి తేలిస్తేనే అది తెలియడం. రహస్య ఓటు. నిబంధన."

రహస్య ఓటుకు ఆ గదిలో ఉన్న సాధనం ఒక్కటే, నమూనాగా బల్ల మీద పెట్టిన ఓటు యంత్రం. దానికి రెండు బటన్లు అమర్చారు. యజమాని ఎవరో తెలిసింది అనడానికి ఆకుపచ్చ, తెలియలేదు అనడానికి ఎరుపు. ఓటు నలుగురికీ ఉంది. పరిశోధకురాలు తన రిపోర్టు మీద తను ఓటేయకూడదని ఎక్కడా లేదు. యజమాని వేయకూడదని అసలే లేదు.

"నేను పచ్చదే నొక్కుతాను, దాపరికమేం లేదు" అన్నారు సూపరింటెండెంటు గారు తెర చాటుకు వెళుతూ. "పోయే ముందు ఒక్క మూతైనా తెరుచుకోవడం చూసిపోతాను."

కోతలాయన వెళ్లాడు. తిరుగుటపా అక్క వెళ్లింది. ఆఖరున కొత్తమ్మాయి వెళ్లింది. ఆకుపచ్చ బటను మీద వేలు పెట్టింది. వంటింటి కిటికీ గుర్తొచ్చింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, వేలు ఎర్రదానివైపు చూసింది. తర్వాత ఆకుపచ్చే నొక్కింది. గట్టిగా, గోరు తెల్లబడేంత గట్టిగా.

యంత్రం కూనిరాగం తీసి ఫలితం చూపించింది.

తెలిసింది, ఒకటి. తెలియలేదు, మూడు.

కొత్తమ్మాయి ముగ్గురి మొహాలూ చూసింది. ఆ ఒక్క ఓటూ తనదే. ఎదురుగా తీపి మాటలు చెప్పి చాటుకు వెళ్లి ముగ్గురూ ఎర్రది నొక్కారు! సూపరింటెండెంటు గారు కూడా మిగతా ముగ్గురి మొహాలూ చూస్తున్నారు, ఇన్నాళ్లూ పాలు పోసి పెంచానే అన్నట్టు. కోతలాయన పళ్లు కొరుకుతూ మిగతా ముగ్గురినీ చూస్తున్నాడు. తిరుగుటపా అక్క చూపయితే చెప్పనే అక్కరలేదు. ఆ గదిలో ప్రతి ఒక్కరూ తామొక్కరే నిజాయితీపరులమని తెలుసుకుని, ఒంటరితనంతో కుంగిపోయారు.

యంత్రం వంక ఎవరూ చూడలేదు. కాసేపటికి కోతలాయన లేచి, దుమ్ము పడకుండా దాని మీద గుడ్డ కప్పాడు.

సాయంత్రానికి కబురు ఆడిటరు గారి ఆఫీసు దాకా పోయింది. ఆమె భర్త రెండేసి మెట్లు ఎక్కుతూ ఇంటికి వచ్చాడు, రెండు చేతులా పూలతో.

"తెలియలేదని తేలిందటగా! ఆడిటరు గారు నా భుజం తట్టారు. ఏమోయ్, నిజం చెప్పు. నాతో రాస్తానని చెప్పి, రాసి కూడా, చివరికి నాకోసం ఎర్రది నొక్కావు కదూ?"

ఆమె నోరు తెరిచింది. ఆయన కళ్లు రెండూ తెరుచుకుని, తడిగా, మెరుస్తూ ఉన్నాయి. తనను ఎవరూ, ఎన్నడూ అలా చూడలేదు. కాదంటే ఆ చూపు ఆరిపోతుంది.

"ఊఁ" అంది.

తర్వాతి వారం పైనుంచి విభాగానికి అభినందన వచ్చింది, వివేకంతో ఓటు వేసినవారందరికీ అని. ఆ రోజు సూపరింటెండెంటు గారు వరండాలో పై అధికారితో మాట్లాడుతూ, "రహస్య ఓటు కదండీ, నేను చెప్పకూడదు. కానీ ఎర్ర రంగంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం" అన్నారు. ఆయన సర్వీసు పొడిగించారు. కోతలాయన కూడా ఖర్చు తగ్గుతుందనే ఎర్రది నొక్కానని క్యాంటీనులో గట్టిగానే చెప్పాడు. చెప్పి చెప్పి తనూ నమ్మాడు.

తిరుగుటపా అక్క ఒక్కతే దారికి రాలేదు. కొత్తమ్మాయిని మెట్ల మలుపులో ఆపింది.

"పిల్లా, ఇలా రా. ఆ ముగ్గురిలో నువ్వూ ఉన్నావనుకుని వారం రోజులు నీతో మాట్లాడలేదు, తప్పు నాదే. రాత్రి కూర్చుని ఆలోచించాను. రిపోర్టు రాసినదానివి నువ్వే ఎర్రది ఎందుకు నొక్కుతావ్? నేను పచ్చది నొక్కాను. నువ్వూ పచ్చదే నొక్కి ఉంటే రెండు చూపించాలి కదే, ఒకటెందుకు చూపించింది? ఒక్కమాట చెప్పు చాలు. ఇద్దరం కలిసి రాసిద్దాం. ఇవాళే మూత విప్పిస్తాను."

కొత్తమ్మాయి తన వేలి వంక చూసుకుంది. కింద అంతస్తులో యంత్రాలను లారీల్లోకి ఎక్కిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చెప్పాలనే అనుకుంది. కానీ ఇంట్లో ఒక మాట, ఆఫీసులో ఒక మాట చెప్పడం ఆమెకు మొదటినుంచీ అలవాటు లేదు.

"నేను ఎర్రదే నొక్కానక్కా" అంది.

పాత చెక్క ఓటు పెట్టెలు దాచే గోదాముకు, పచ్చదే నొక్కానని పట్టుబట్టిన తిరుగుటపా అక్కను బదిలీ చేశారు. కొత్తమ్మాయి ఉద్యోగం ఖాయమైంది. ఎర్రది ముగ్గురు, పచ్చది ఒక్కరు. యంత్రం అబద్ధం చెప్పలేదు. కాస్త ముందుగా చెప్పింది, అంతే.